ఒక్క రాత్రి పువ్వు, నెల్లాళ్ళ పండు

కిందటి శుక్రవారం రాత్రి పదిన్నర దాటాక నేను మా పెరట్లో ఎత్తుపీట మీద నిలబడి ఉన్నాను. ఎడంచేతిలో టార్చిలైటు, కుడిచేతిలో మా అబ్బాయి చిన్నప్పుడు బొమ్మలకి రంగులేసుకున్న కుంచె. గోడ అవతలినుంచి పక్కింటావిడ గొంతు వినిపించింది.

"ఎవరది?"

"నేనేనండీ."

"మీరా! ఈ వేళప్పుడు గోడెక్కి ఏం చేస్తున్నారు?"

"గోడెక్కలేదండీ. పువ్వుకి పుప్పొడి అద్దుతున్నాను."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత చాలా మెల్లిగా, "అన్నయ్యగారు ఊళ్ళో లేరా?" అని మాత్రం అడిగింది.

కాలేజీలో పిల్లలకి ప్రబంధాలు చెప్పుకునే మనిషికి అర్ధరాత్రి పువ్వులతో పనేమిటని మీరూ అనుకోవచ్చు. ప్రబంధాల్లో అర్ధరాత్రి పువ్వులతో పని లేనివాళ్ళెవరు గనక! కాని నాది అలాంటి విరహం కాదు. మా పెరట్లో డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు రెండున్నాయి. ఆ పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుంటుంది, తెల్లవారి ఎండ పొడచూపేసరికి వాలిపోతుంది. జన్మకి ఒక్కటే రాత్రి. ఆ రాత్రి చెయ్యవలసిన పని చెయ్యకపోతే కాయ నిలుస్తుందని నమ్మకం లేదు. అంచేత మర్నాడు మొదటి పీరియడే క్లాసున్నా సరే, పీట ఎక్కక తప్పదు.

నిజానికి ఈ పని నాది కాదు. మా నాన్నగారిది.

మా అమ్మ 2021లో పోయింది. నాకు అన్నదమ్ములు లేరు. పెద్దాపురం అవతల మెట్టలో మాకు ఓ పాత పెంకుటిల్లూ, మూడెకరాల మామిడితోటా ఉన్నాయి. ఆ ఇంట్లో నాన్నగారు కొన్నాళ్ళు ఒక్కరే వండుకు తిన్నారు. 2022 సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనూ మావారూ కలిసి దాదాపు ఎత్తుకొచ్చినంత పని చేసి ఆయన్ని రాజమహేంద్రవరం తీసుకొచ్చాం. వచ్చారేగాని కాలు నిలవదు. "ఆడపిల్ల ఇంట్లో నాలుగురోజులైతే చుట్టం. అయిదోరోజునించీ..." అని ఆపేసేవారు. ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో ఇప్పటికీ నాకు తెలియదు. తెచ్చుకున్న గుడ్డసంచీ విప్పి, బట్టలు బీరువాలో పెట్టుకోమంటే ససేమిరా అన్నారు. సంచీ కొక్కేనికి తగిలించి ఉండేది. కట్టుకునే పంచె అందులోంచే తియ్యడం, ఉతికి ఆరింది మళ్ళీ అందులోకే మడిచి పెట్టడం. అది అలా వేళ్ళాడుతూంటే నాకు రైల్వే వెయిటింగు రూములో కాపరం చేస్తున్నట్టుండేది.

పైగా రాత్రిళ్ళు నిద్ర లేదు. ఏ రెండింటికో నాకు మెలకువ వస్తే, వీధి వరండాలో కుర్చీలో ఆయన కూచుని కనిపించేవారు. "పడుకోండి నాన్నగారూ" అంటే, "పడుకునే ఉన్నానమ్మా ఇందాకటిదాకా" అనేవారు. అంతకన్న మాట లేదు.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం, కాస్త గాలి మార్పుగా ఉంటుందని కడియం నర్సరీలకి తీసుకెళ్ళాను. ఆ దారిలో ఎటు చూసినా మొక్కలే. మామిడి అంట్ల దగ్గర ఆయన ముఖం కొంచెం తేటపడింది. నాలుగైదు అంట్లని ఎత్తి చూసి, పెదవి విరిచి కింద పెట్టారు. మామిడివాళ్ళకి పరాయి మామిడి నచ్చదు. పక్క వరసలో మూడు పలకలుగా ఉన్న ఆకుపచ్చటి కాడలు, అంచులవెంట చిన్నచిన్న ముళ్ళు, సంచుల్లో నిలబెట్టి ఉన్నాయి.

"ఇదేమిటయ్యా, జెముడు అమ్ముతున్నావా?" అన్నారు నాన్నగారు.

"జెముడేనండి బాబూ. కాని డ్రాగన్ ఫ్రూటు. రెండేళ్ళలో కాయ చూస్తారు."

"రెండేళ్ళా! అప్పటికి నేనిక్కడెందుకుంటాను?"

సరిగ్గా ఆ మాట విన్నాకే నేను మొక్కలు కొన్నాను. ఒకటి లోపల తెల్లగా ఉండే రకం, ఒకటి ఎర్రగా ఉండే రకం. రెండు రకాలూ తీసుకోవడంలో నా తెలివేమీ లేదు. వాడు చూపించాడు, నేను డబ్బిచ్చాను. ఆ తెలియనితనమే తరవాత మా పాలిట అదృష్టమైంది.

"నాకు నాటడం చేతకాదు. నాటిపెట్టి వెళ్ళండి నాన్నగారూ" అన్నాను. నాటారు. "స్తంభం ఎక్కేదాకా చూసి వెళ్ళండి" అన్నాను. చూశారు. "పువ్వు పూసేదాకా" అన్నాను. చివరికి ఆయనే, "సరేలే, పండు చూసి వెళతాను" అన్నారు.

పెంచుదామనుకునేవాళ్ళ కోసం ఈ ముక్క కాస్త వివరంగా చెబుతాను. ఇది జెముడుజాతిలో పాకే మొక్క. అడవిలో అయితే చెట్టుకి కరుచుకుని పైకి పోతుంది. మనం ఒక స్తంభం పాతాలి. మావారు పాత కంచె తాలూకు సిమెంటు స్తంభాలు రెండు సంపాదించారు. ఏడడుగుల స్తంభంలో రెండడుగులు భూమిలోకి, అయిదు పైకి. తలమీద ఇనపచువ్వలు అడ్డంగా పెట్టి, వాటిమీద పాత స్కూటరు టైరు కట్టాం. మొక్క ఒక్క కాడగానే పైకి పోవాలి. పక్కన వచ్చే పిలకలని గిల్లెయ్యాలి. కొబ్బరితాడుతో వదులుగా స్తంభానికి కడుతూ ఉంటే, అదే గాలిలోకి వేళ్ళు తీసి సిమెంటుని పట్టుకుంటుంది. టైరుదాకా వెళ్ళాక కొస తుంచితే నాలుగువైపులా కొమ్మలేసి గొడుగులా కిందికి వాలుతుంది. అలా వాలిన కొమ్మలకే పూత.

మొక్క కొనక్కర్లేదు, తెలిసినవాళ్ళ దగ్గర మూరెడు ముక్క తెచ్చుకున్నా చాలు. అయితే తెచ్చినరోజునే నాటకూడదు. కోసినచోట ఎండి గట్టిపడేదాకా వారంరోజులు నీడన పడెయ్యాలి. పచ్చిగాయంతో మట్టిలో పెడితే కుళ్ళిపోతుంది. నీళ్ళ విషయమూ అంతే. ఇది చచ్చిపోయేది దాహంతో కాదు, మన ప్రేమతో. మా నల్లరేగడిలో నీరు నిలుస్తుందని నాన్నగారు గొయ్యిలో సగం ఇసకా, పశువుల ఎరువూ కలిపి, మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోశారు. జెముడు గదా, ఎండ దానికో లెక్కా అనుకోకండి. మే నెలలో మా ఊరి ఎండకి పడమటివైపు కొమ్మలు పసుపుపచ్చగా కమిలిపోయాయి. పాత చీర అడ్డం కట్టవలసివచ్చింది.

పక్కింటావిడకి మాత్రం మొదటినించీ ఇది గిట్టలేదు. ముళ్ళచెట్టు ఇంట్లో ఉంటే తగవులొస్తాయిట. "మరి మీ నిమ్మచెట్టుకి ముళ్ళు లేవూ?" అన్నారు నాన్నగారు గోడ మీంచి. ఇంట్లో మాతో పొదుపుగా మాట్లాడే మనిషి, ఆ మొక్క తరఫున మాత్రం వకాల్తా పుచ్చుకునేవారు.

ఇక పేరు సంగతి. తెలుగు చెప్పుకు బతికేదాన్ని గనక నాకు ఆ పేరు నోట్లో ముల్లులా ఉండేది. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. ఫ్రెంచివాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో వియత్నాం తీసుకెళ్ళారు. అక్కడివాళ్ళు పచ్చ డ్రాగన్ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం దీన్ని 'కమలం' అంటామని ప్రకటించింది. మనవాళ్ళు మాత్రం ఊరుకున్నారు. అదే పూర్వులైతే! జామా, బొప్పాయీ, అనాసా, జీడిమామిడీ అన్నీ ఆ అమెరికా ఖండంనించి ఓడలెక్కి వచ్చినవే. సీతాఫలం కూడా అక్కడిదే. దానికి మన సీతమ్మ పేరు పెట్టి, ఆవిడ ఒంటరిగా ఉంటుందేమోనని రామాఫలం, లక్ష్మణఫలం కూడా చేర్చి కుటుంబం పూర్తిచేశారు. మిగిలింది ఊర్మిళ ఒక్కత్తే. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఇల్లాలి పేరు, ఏడాదంతా నిద్రపోయి ఒక్కరాత్రి కళ్ళు తెరిచే పువ్వుకి బావుంటుందని 'ఊర్మిళాఫలం' అన్నాను. మా అబ్బాయి నవ్వాడు. మావారు విననట్టు నటించారు. నాన్నగారు చివరిదాకా 'జెముడుపండు' అనే అన్నారు. మెట్టలో నాగజెముడు పళ్ళు ముళ్ళు దులుపుకు తిన్న బాల్యం ఆయనది. ఆయన దృష్టిలో ఇది దాని పట్నం చెల్లెలు. ఆ మాట శాస్త్రానికి కూడా ఒప్పే మాటే. రెండూ ఒక్క కుటుంబం.

2023 జూన్‌లో ఎర్రరకం కొమ్మకి గోరంత మొగ్గ వచ్చింది. పదిహేను, ఇరవై రోజుల్లో అది చేతిపొడుగు పెరిగి, కొస పైకి వంచింది. మొగ్గకి తియ్యటి జిగురుంటుంది కాబోలు, గండుచీమలు దండెత్తాయి. నాన్నగారు పొద్దునా సాయంత్రమూ గుడ్డతో తుడిచేవారు. విచ్చుకునే రోజు తెలుసుకోవడం కష్టం కాదు. మధ్యాహ్నానికే మొగ్గ ఉబ్బి, కొసన తెల్లరేకులు తొంగిచూస్తాయి.

ఆ రాత్రి మా పెరడు పెళ్ళిపందిరి. ఏడున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి పూర్తిగా విచ్చింది. జానెడు కాదు, అడుగు పొడుగు పువ్వు. బయట లేతపసుపు రేకులు, లోపల పాలతెలుపు, మధ్యన వందలకొద్దీ కేసరాలు, సన్నటి పరిమళం. చూడవచ్చిన అమ్మలక్కలందరూ 'బ్రహ్మకమలం' అన్నారు. ఈమధ్య ఇళ్ళల్లో కుండీలో పూసి, అందరూ ఫొటోలు తీసి పంపుకునే బ్రహ్మకమలం కూడా ఈ జెముడు కుటుంబంలోదే. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసేది, దానికి చుట్టరికం చామంతితో. కాని పసుపూ కుంకుమా పట్టుకొచ్చిన వాళ్ళతో వృక్షశాస్త్రం వాదించడానికి నాకు నోరు రాలేదు. అందరూ దణ్ణం పెట్టుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. నాన్నగారు మాత్రం ఆ రాత్రి వరండాలో కాదు, పువ్వు దగ్గరే కుర్చీ వేసుకున్నారు.

అయిదోరోజుకి పువ్వు మొదలు పసుపుపచ్చగా మారింది. ఆరోరోజు పొద్దున్న రాలిపోయి ఉంది.

ఆయన దాన్ని పారెయ్యలేదు. అరుగుమీద పెట్టుకుని కూరలకత్తితో నిలువునా చీల్చి చూశారు. సాయంత్రం నేను కాలేజీనించి రాగానే పిలిచి, "ఇటు చూడమ్మాయ్, గుమ్మడికి మల్లే ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు కాదు ఇది. రెండూ ఇందులోనే ఉన్నాయి. కాని ఆడది ముందుకొచ్చి నిలబడింది, మగవి వెనక ఉండిపోయాయి. మధ్యవర్తి కావాలి" అన్నారు. మర్నాడు మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆవిడనడిగాను. ఆయన మాట నిజమే. కీలాగ్రం కేసరాలని దాటి బయటికి ఉంటుంది. వాటి పుట్టింట్లో గబ్బిలాలూ, రాత్రిళ్ళు తిరిగే పెద్ద రెక్కలపురుగులూ ఆ మధ్యవర్తిత్వం చేస్తాయిట. ఇక్కడ తెల్లవారగట్ల తేనెటీగలు వస్తే వచ్చినట్టు. అయితే ఆవిడ ఇంకో సంగతి కూడా చెప్పింది. ఎర్రగుజ్జు రకాల్లో చాలావాటికి తమ పుప్పొడి తమకే పనికిరాదు, వేరే రకంది కావాలి. తెల్లగుజ్జు రకం సాధారణంగా తన పుప్పొడితోనే కాయగలదు.

ఇంటికొచ్చి ఇదంతా అప్పజెబితే నాన్నగారు తల పంకించి, "సగోత్రం పనికిరాదన్నమాట" అన్నారు. పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఇంత క్లుప్తంగా ఏ విషయమూ చెప్పలేకపోయాను.

జూలైలో తెల్లరకానికి రెండు మొగ్గలు, ఎర్రదానికి ఒకటి. చిక్కేమిటంటే తెల్లవి రెండూ ఒకేరాత్రి విచ్చాయి, ఎర్రది ఇంకా మూడురోజులకిగాని విచ్చేట్టు లేదు. మా అబ్బాయి కుంచెతో నాన్నగారు తెల్లపువ్వులకి ఒకదాని పుప్పొడి ఒకదానికి అద్దారు. కీలాగ్రం అంటే బుల్లి పూవులాగే ఉంటుంది, ఇరవైకి పైగా వేళ్ళతో. ప్రతి వేలికీ అంటేట్టు, నొప్పెడుతుందేమో అన్నంత మెల్లిగా అద్దారు. ఆ తరవాత కాగితం కింద పట్టి కేసరాలని వేలితో మీటితే పసుపుపచ్చటి పుప్పొడి చెంచాడు రాలింది. తడి తగలకుండా ఫ్రిజ్‌లో పెడితే కొద్దిరోజులు బాగానే ఉంటుందని వృక్షశాస్త్రం ఆవిడ చెప్పి ఉంది.

"గట్టి మూత ఉన్న డబ్బా ఏదైనా తెస్తాను" అని నేను వంటింట్లోకి వెళ్ళాను. పోపులపెట్టె గిన్నెలు వెతుకుతూంటే ఆయన వెనకాలే వచ్చారు. చేతిలో మా అమ్మ కుంకుమభరిణె. ఇత్తడిది, మూత తిప్పి బిగించేది. ఆ సంచీ అడుగున అది ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పంచె కొంగుతో లోపలంతా శుభ్రంగా తుడిచారు. కుంకుమ పంచెకి అంటింది.

"దీని మూత గట్టిది. చెమ్మ పోదు" అన్నారు. అంతే.

కాగితం మడతలో పుప్పొడి పోసి భరిణెలో పెట్టి, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాను. మూడోరాత్రి ఎర్రపువ్వు విచ్చింది. భరిణె తీసి, ఎత్తుపీట మీద ఆయన, కింద టార్చి పట్టుకుని నేను. ఈసారి అమ్మలక్కలెవరినీ పిలవలేదు.

వారం గడిచింది. మూడు పువ్వులూ వాడి వేళ్ళాడాయిగాని, మొదళ్ళు పచ్చగా నిలిచాయి. ఆ తరవాత రోజురోజుకీ ఉబ్బాయి. పచ్చటి పొలుసులతో బుల్లి పైనాపిల్ లాగా పెరగడం చూస్తూంటే కాలేజీ ఉత్తరాలు కూడా చదవబుద్ధి కాలేదు.

అసలు కష్టం ఇప్పుడొచ్చింది. ఇరవైయేడో రోజున తెల్లరకం కాయలు రెండూ రంగు తిరగడం మొదలెట్టాయి. సగం పచ్చ, సగం గులాబీ. నేను కాలేజీనించి వచ్చేసరికి రెండూ చెట్టుకి లేవు.

"కోశాను" అన్నారు నాన్నగారు. "రంగు పడింది గదా. పిట్టలు కొడతాయి. బియ్యపుడబ్బాలో వేశాను, అయిదురోజుల్లో మాగుతాయి."

యాభై ఏళ్ళు మామిడి మాగవేసిన చెయ్యి. వరిగడ్డిలో ఎన్నిరోజులుంటే ఏ కాయ పండుతుందో వాసన చూసి చెప్పగల మనిషి. నేనేమంటాను? నాకు మాత్రం ఏం తెలుసు? అయిదురోజులూ అయ్యాక డబ్బాలోంచి తీస్తే తొక్క ముడుతలు పడింది, పొలుసులు ఎండాయి. కోసి తలోముక్కా తీసుకున్నాం. నీళ్ళు. ఉత్తి చప్పటి నీళ్ళు, నడుమ గింజలు పటపటమంటూ. మా అబ్బాయి "దోసకాయ నయం తాతయ్యా" అనేశాడు. చిన్నవాడు, వాడికేం తెలుసు.

నాన్నగారు తన ముక్క పూర్తిగా తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. కొక్కేనించి సంచీ తీసి మంచం మీద పెట్టుకుని, "పండు చూడడం అయింది గదా. రేపు పొద్దుటి బస్సుకి వెళతానమ్మా" అన్నారు.

నాకు ఒక్కక్షణం ఏమీ తోచలేదు. పండు బాగాలేదని ఆయనకి బాధ కాదు. కూతురి ఇంట్లో ఏడాదిన్నర తిని చేసిన ఒక్క పనీ చెడిందని బాధ. ఆ రాత్రే వృక్షశాస్త్రం ఆవిడకి ఫోను చేశాను. ఆవిడ విని నవ్వింది. మామిడి, అరటి, సపోటా, సీతాఫలం లాంటివి కోశాక కూడా పండుతాయిట. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ, నేరేడు అలా కాదు, చెట్టున ఎంత తీపి చేరితే అంతే. కోసిన క్షణాన ఆ లెక్క ముగిసిపోతుంది. ఈ పండు ఆ రెండో జట్టులోది. రంగు పూర్తిగా తిరిగాక కూడా నాలుగైదు రోజులు చెట్టునే ఉండాలి. బజార్లో కొన్నది చప్పగా ఉందని చాలామంది దీన్ని ఈసడించుకోవడానికి ఒక కారణం ఇదే. దూరం పంపేవాళ్ళు ముందుగానే కోసేస్తారు.

ఇదంతా వెళ్ళి మంచం పక్కన కూచుని చెప్పాను. నాన్నగారు చాలాసేపటిదాకా ఏమీ అనలేదు. తరవాత, "ద్రాక్షని ఎవడు మాగవేస్తాడు?" అన్నారు తనలోతనే. "దానిమ్మనీ అంతే. ఆ ముక్క ముందే తెలిస్తే బియ్యంలో ఎందుకు వేస్తాను?"

"ఎర్రది ఇంకా చెట్టునే ఉంది నాన్నగారూ. ఇవాళే రంగు తిరుగుతోంది."

సంచీ మళ్ళీ కొక్కేనికి ఎక్కింది.

ఆ తరవాతి అయిదురోజులూ మా ఇంట్లో పరీక్షల హడావిడి. నాన్నగారు గోడమీది క్యాలెండరులో తేదీల పక్కన పెన్సిలు గీతలు పెట్టారు. పిగిలిపిట్టలు రెండు టైరుమీద వాలి ఆశగా చూస్తూంటే, పాత దోమతెర ముక్క కుట్టించి పండుకి సంచీలా తొడిగారు. పండు మొత్తం ఎర్రబారింది. పొలుసుల కొసలు వాడి వంగడం మొదలెట్టాయి. అదే గుర్తు. అలాగని మరీ వదిలేసినా ప్రమాదమే, తొక్క పగులుతుంది. ఆరోరోజు పొద్దున్న చల్లటిపూట కత్తెరతో, పండుకి కొంచెం కొమ్మముక్క అంటిపెట్టుకుని ఉండేట్టు కోశారు. మెలితిప్పి లాగితే మొదట్లో తొక్క చిరుగుతుంది. వంటింటి త్రాసులో మూడువందల ఎనభై గ్రాములు.

కత్తి దిగగానే పళ్ళెమంతా రాణీరంగు. బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగే ఇదీను. తీపి మామిడంతా కాదు, అబద్ధమెందుకు. కాని చల్లటి, మెత్తటి, నిదానమైన తీపి, నడిమిభాగంలో మరికొంచెం. నాన్నగారు కళ్ళు మూసుకుని నమిలారు. "ఊఁ, ఇది పండు" అన్నారు. ఒక ముక్క ఆకులో పెట్టి గోడమీంచి పక్కింటికి అందించింది కూడా ఆయనే.

మర్నాడు పొద్దున్న ఆయన మా వారిని చాటుగా పిలిచి ఏదో చెప్పడం, మావారు కంగారుగా చెప్పులేసుకుని ఆటో కోసం పరిగెత్తడం జరిగింది. వివరాలు చెప్పను. ఎర్రరకం కాస్త ఎక్కువ తింటే మర్నాడు బీట్‌రూట్ తిన్నట్టే ఉంటుందని, అందులో భయపడవలసిందేమీ లేదని తెలుసుకుని తినండి. అంతే మనవి.

ఆ ఏడాది అక్టోబరుదాకా విడతలు విడతలుగా పూశాయి. మొత్తం పదకొండు పళ్ళు తిన్నాం. ప్రతి పువ్వుకీ ఆయనే కుంచె, నేనే టార్చి. పువ్వు విచ్చే రాత్రిళ్ళు పనయ్యాక వెంటనే లోపలికి వచ్చేవాళ్ళం కాదు. ఆయన ఎప్పుడూ చెప్పనివి చెప్పారు. తోటకి మొదటి అంట్లు తెచ్చిన రోజు, అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో బావి గట్టుమీద నాటిన నిమ్మ, ఆవిడ ఆఖరిరోజుల్లో అడిగినవీ, ఆయన తేలేకపోయినవీ. అవి ఇక్కడ రాసేవి కావు.

ఇంక వెళ్ళరనుకున్నాను. పండు ఎర ఫలించిందని లోలోపల సంబరపడ్డాను కూడా. కాని సంచీ కొక్కేనికే ఉంది. 2024 ఏప్రిల్లో తోటలో కాపు దించే వేళకి, "ఇల్లు తాళంలో ఉంటే చెద పడుతుందమ్మా. నా చెట్లదగ్గర నేనుండాలి" అన్నారు. ఈసారి బతిమాలలేదు. మొక్కలకేసి చూపించి ఏదో వంక చెప్పడానికి నోరు రాలేదు. రెండు రకాలవీ నాలుగు ముక్కలు కోసి, నీడన వారంరోజులు ఆరబెట్టి, పాత పేపరులో చుట్టి ఇచ్చాను. బావిగట్టు పక్కన నాటారు. ఈ జూన్‌కి ఇంకా మొగ్గ తొడగలేదుట. "ఏం తొందర" అంటున్నారు.

బస్సెక్కించి ఇంటికొచ్చి మంచినీళ్ళ సీసాకోసం ఫ్రిజ్ తెరిస్తే, తలుపు అరలో భరిణె కనిపించింది. మరిచిపోయారనుకుని గాభరాగా ఫోను చేశాను. బస్సింకా ఊరు దాటలేదు.

"మరిచిపోలేదమ్మాయ్" అన్నారు. "జూన్‌లో పువ్వులొస్తాయి. నీకు కావాలి గదా, అక్కడే ఉండనీ."

కిందటి శుక్రవారం పువ్వు తెల్లరకానిది. ఎర్రమొగ్గ ఆదివారానికి విచ్చేట్టుంది. పక్కింటావిడకి సమాధానం చెప్పి, పుప్పొడి కాగితంలో దులిపి, భరిణె మూత బిగిస్తూంటే ఫోను మోగింది. పదకొండు కావస్తోంది.

"విచ్చిందా?"

"విచ్చింది. అద్దాను."

"వేళ్ళన్నిటికీ అంటిందా? టార్చి ఎవరు పట్టుకున్నారు?"

"నేనే. ఎడంచేత్తో."

"అల్లుడుగారిని లేపకపోయావా?" అన్నారు. కాసేపాగి, "ఆ భరిణె అడుగున కాగితం మార్చు. పాతది చెమ్మ పీల్చి ఉంటుంది" అన్నారు.

మార్చాను.